హారన్ కొట్టానుగా!

పిల్లలూ! ఈ నెల మనం రెండే రెండు మాటలను గురించి చెప్పుకుందాం. అవి రోజూ మీ చెవిని పడే మాటలే. ఎవరి భుజాన్నో రాసుకుంటూ ఒక బండి దూసుకుపోయినా, కూరల సంచీ తెగి వంకాయలు మురుక్కాలవలోకి దొర్లినా, ఎవరైనా కిందపడి మోచెయ్యి గీరుకుపోయినా, బండి మీద వున్న మనిషి నోట ముందుగా వచ్చేవి ఆ రెండు మాటలే: "హారన్ కొట్టానుగా!"

కారులో వున్న పెద్దమనిషీ ఇదే అంటాడు, మోటారు సైకిలు మీద వున్న యువకుడూ ఇదే అంటాడు. ఆటో ఆయన సగం ఒళ్ళు బయటికి పెట్టి మరీ అంటాడు. సైకిలు తొక్కే కుర్రవాడికి హారన్ వుండదు గనక "బెల్లు కొట్టానుగా!" అంటాడు. ఆ బెల్లు కూడా ఊడిపోయి వుంటే "అరిచానుగా!" అంటాడు. మాటలు వేరైనా అందరి భావమూ ఒకటే. "నేను చెయ్యవలసింది చేశాను. తప్పుకోవటం నీ పని. తప్పుకోకపోతే తప్పు నీది."

మరి, చెయ్యవలసింది అతను నిజంగా చేశాడా? ఈ సంగతి మనం నిదానంగా తేల్చుకోవాలి. ముందుగా ఒక పాత కథ చెబుతాను. ఇది కల్పించిన కథ కాదు, జరిగినదే.

మోటారు బండ్లు కొత్తగా పుట్టినప్పుడు ఇంగ్లండులో జనం వాటిని చూసి హడలిపోయారు. గుర్రం లేకుండా తనంతట తాను నడిచే బండి అంటే మరి భయం కాదా? 1865లో వాళ్ళు ఒక చట్టం చేశారు. అటువంటి బండి రోడ్డు మీదికి వస్తే ఒక మనిషి ఎర్రజెండా పట్టుకుని దాని ముందు నడవాలి. ఊళ్ళో దాని వేగం గంటకు రెండు మైళ్ళు దాటరాదు, ఊరి బయట నాలుగు మైళ్ళు దాటరాదు. నడిచేవాడి వెనక బండి! ఈనాడు ఇది వింటే మీకు నవ్వు వస్తుంది. కాని ఆ చట్టంలో ఒక మర్యాద వున్నది. దారి నడిచే మనిషిది, బండి వెనక వచ్చిన చుట్టం అని అది ఒప్పుకున్నది.

1896లో ఆ కట్టుబాటు పోయింది. ఆ సంవత్సరమే, ఆగస్టు 17వ తేదీన, లండన్‌లో క్రిస్టల్ పాలెస్ అనే చోట ఒక వేడుక జరిగింది. బ్రిడ్జెట్ డ్రిస్కాల్ అనే 44 ఏళ్ళ ఆవిడ తన కూతురిని వెంటబెట్టుకుని వేడుకకు వచ్చింది. అక్కడ కొత్త రకం మోటారు కార్లలో జనాన్ని ఎక్కించి తిప్పుతున్నారు. అటువంటి కారు ఒకటి ఆవిడ మీదికి వచ్చి ఢీకొట్టింది. ఆవిడ చనిపోయింది. బ్రిటన్‌లో మోటారు కారు కింద పడి ప్రాణం పోగొట్టుకున్న మొట్టమొదటి పాదచారి ఆవిడే అని చెబుతారు.

తరవాత విచారణ జరిగింది. కారు నడిపిన మనిషి ఏమన్నాడో తెలుసా? తాను గంటకు నాలుగు మైళ్ళ వేగంతోనే వస్తున్నానన్నాడు. గంట కొట్టానన్నాడు. తప్పుకోమని కేక కూడా వేశానన్నాడు. (కారు అంతకన్నా చాలా వేగంగా వచ్చిందని చూసినవారు చెప్పారు.) అది ప్రమాదవశాత్తు జరిగిందని చివరకు తేల్చారు. ఇటువంటిది మళ్ళీ జరగకూడదని విచారణ జరిపిన అధికారి ఆశించాడట.

చూశారా! హారన్ ఇంకా సరిగా పుట్టనైనా పుట్టలేదు, "హారన్ కొట్టానుగా!" అనే మాట మాత్రం అప్పుడే పుట్టింది. ఇక అధికారి ఆశ ఏమైందంటారా? ఒక్క 2022వ సంవత్సరంలో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో చనిపోయినవారు 1,68,491 మంది. వారిలో కాలినడకన పోతున్నవారే 32,825 మంది. అంటే రోజుకు సుమారు 90 మంది. మూడు తరగతి గదులు నిండేటంతమంది.

ఇక మన ఊళ్ళ సంగతికి వద్దాం. గుంటూరులో బ్రాడీపేట అని ఒక పేట వున్నది. గళ్ళ కాగితం మీద గీసినట్టుగా అక్కడ వీధులు తీర్చారు. నిలువు వీధులకూ అడ్డ వీధులకూ పేర్లకు బదులు అంకెలు. చిరునామాలో 4/14 అని వున్నదంటే నాలుగో లైనూ, పధ్నాలుగో అడ్డరోడ్డూ కలిసే చోటు అన్నమాట. నేను లెక్కలు చెప్పినవాణ్ణి గనక ఆ ఏర్పాటు చూస్తే నాకు ముచ్చటగా వుంటుంది. కాని గళ్ళంటే మూలలే గదా! నాలుగు అడుగులు వేస్తే ఒక మూల, మరి నాలుగు వేస్తే ఇంకొక మూల. మూల మీద ఇల్లో, దుకాణమో వుంటుంది గనక అవతల ఏం వస్తున్నదో కనపడదు. కనపడనప్పుడు నిదానించాలి. మనవాళ్ళు నిదానించరు, హారన్ కొడతారు. నిలువు వీధిలోంచి ఒకాయన, అడ్డ వీధిలోంచి ఒకాయన, ఇద్దరూ ఒకేసారి కొడతారు. ఎవరి హారన్ మోతలో వారికి రెండోవారిది వినపడదు. ఇద్దరూ మూలమీద కలుసుకుంటారు. అప్పుడిక ఇద్దరూ ఆ రెండు మాటలే అనుకుంటారు!

ఒకనాటి సాయంకాలం నేను అటువంటి మూలనే నిలబడి వున్నాను. పదిహేనేళ్ళ కుర్రవాడు, వెనక ఇద్దరు స్నేహితులను ఎక్కించుకుని, వాళ్ళ నాన్నగారి స్కూటరు మీద రోడ్డుకు కుడి పక్కన ఎదురు వస్తున్నాడు. పెరుగు ప్యాకెట్టు చేతపట్టుకుని ఒక ముసలావిడ రోడ్డు దాటుతున్నది. హారన్ గీపెట్టింది. ఆవిడ బెదిరి, ముందుకు వేసిన అడుగు వెనక్కి తీసుకుని, తూలి, కరెంటు స్తంభాన్ని పట్టుకుని నిలదొక్కుకున్నది. పెరుగు నేలపాలయింది. కుర్రవాడు నన్ను గుర్తుపట్టి బండి ఆపాడు.

"హారన్ కొట్టాను గదండీ మాస్టారూ!" అన్నాడు, నేను ఏమీ అనకముందే.

నేను జవాబు చెప్పేలోగా ఆవిడే చెప్పింది: "నాకు చెవులు సరిగా వినపడవు నాయనా, నిజమే. నీకు కళ్ళు కనపడుతున్నాయి గదా!"

కుర్రవాడు తల వంచుకున్నాడు. నలభై ఏళ్ళు బడిలో మాట్లాడి కూడా నేను అంత సూటిగా ఒక్క మాట చెప్పలేదేమో అనిపించింది నాకు. చెవిటివారున్నారు, పసిపిల్లలున్నారు, ఆవులున్నాయి, కుక్కలున్నాయి. వీరందరికీ హారన్ అర్థం కావాలని బండి మీద వున్నవాడు కోరుకుంటాడు. కాని వీరందరూ తనకు కనపడుతూనే వున్నారు!

ఇప్పుడు కొంచెం శాస్త్రం చూద్దాం. ముప్ఫై సెంటీమీటర్ల స్కేలు ఒకటి తీసుకోండి. మీ స్నేహితుణ్ణి దాన్ని పైకొన దగ్గర పట్టుకుని నిలువుగా వేలాడదియ్యమనండి. సున్నా వున్న కొస కిందికి వుండాలి. మీరు బొటనవేలూ చూపుడువేలూ కొంచెం ఎడంగా పెట్టి, సున్నా దగ్గర స్కేలుకు తగలకుండా సిద్ధంగా వుంచండి. అతను చెప్పకుండా స్కేలు వదిలేస్తాడు. మీరు పట్టుకోవాలి. ఎంత చురుకైనవాళ్ళయినా సున్నా దగ్గర పట్టుకోలేరు. 20 సెంటీమీటర్ల గీత దగ్గర పట్టుకున్నారనుకోండి, మీకు సెకనులో అయిదో వంతు పట్టిందన్నమాట. 30 దగ్గర పట్టుకుంటే సుమారు పావు సెకను. కన్ను చూడాలి, ఆ వార్త మెదడుకు చేరాలి, మెదడు ఆజ్ఞ వెయ్యాలి, ఆ ఆజ్ఞ వేళ్ళకు అందాలి. అందుకే ఆ ఆలస్యం.

ఇది మీరు కళ్ళు విప్పార్చుకుని, వేళ్ళు సిద్ధంగా పెట్టుకుని కాచుకుని వుంటేనే! రోడ్డు మీద ఎవరూ అలా కాచుకుని వుండరు. ఎప్పుడు ఏది అడ్డం వస్తుందో తెలియదు. వచ్చినదేమిటో పోల్చుకోవాలి, ఏం చెయ్యాలో తోచాలి, కాలో చెయ్యో బ్రేకు మీదికి పోవాలి. దీనికంతా ఒక సెకను పడుతుందనుకుందాం. చెవి దగ్గర ఫోను పెట్టుకున్నవాడికి ఇంకా ఎక్కువే పడుతుంది.

గంటకు 36 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 10 మీటర్లు. కనక మనిషిని చూసి బ్రేకు వెయ్యటం మొదలుపెట్టేసరికే బండి 10 మీటర్లు వచ్చేస్తుంది. బ్రేకు వేశాక కూడా బండి గోడకు కొట్టిన మేకులాగా ఆగదు. పొడి రోడ్డూ, మంచి బ్రేకులూ వుంటే ఆగటానికి సుమారు రెండు సెకన్లు పడుతుందనుకోండి. ఆ రెండు సెకన్లలో వేగం 10 నుంచి సున్నాకు దిగుతుంది గనక సగటు 5. రెండు అయిదులు పది. మరో 10 మీటర్లు. మొత్తం 20. అంటే ఇంచుమించు క్రికెట్ పిచ్ పొడవు! ఒక వికెట్ల దగ్గర మనిషిని చూసిన బండి, అతి చక్కగా నడిపితే, రెండో వికెట్ల దగ్గర ఆగుతుంది.

వేగం రెట్టింపు చేసి చూడండి. గంటకు 72 కిలోమీటర్లు, సెకనుకు 20 మీటర్లు. తోచటానికి పట్టే సెకనులో 20 మీటర్లు. బ్రేకు వేశాక ఆగటానికి రెట్టింపు కాలం, 4 సెకన్లు. సగటు వేగమూ రెట్టింపు, 10. నాలుగు పదులు నలభై! మొత్తం 60 మీటర్లు. వేగం రెండింతలైతే బ్రేకు వేశాక పోయే దూరం నాలుగింతలు అయింది. మూడు క్రికెట్ పిచ్‌లు ఒకదాని చివర ఒకటి పరచాలి. వాన కురిసి రోడ్డు తడిసి వుంటే ఇదీ చాలదు.

ఇప్పుడు మన ముసలావిడను ఈ లెక్కలో నిలబెడదాం. ఆవిడ 20 మీటర్ల దూరంలో వున్నది. బండి వేగం 36. బండి మీద వున్నవాడు బ్రేకు వెయ్యటానికి పూనుకుంటే, తోచేసరికి 10 మీటర్లు, ఆగేసరికి 10 మీటర్లు. సరిగ్గా ఆవిడ ముందు ఆగుతాడు. అలా కాక హారన్ కొట్టటానికి పూనుకున్నాడనుకోండి. హారన్ మీద వేలు పడేసరికి అదే సెకను గడిచింది, 10 మీటర్లు అయిపోయినవి. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది, అది చిటికెలో ఆవిడ చెవికి చేరుతుంది. బాగానే వున్నది. కాని ఆవిడకు కూడా ఒక సెకను కావాలి గదా! ఏమిటా మోత, ఎటునుంచి, ముందుకు పోనా వెనక్కి పోనా అని. ఆ సెకనులో బండి మిగిలిన 10 మీటర్లూ వచ్చేస్తుంది. ఆవిడ తల తిప్పేసరికి బండి ఆవిడ మీద వుంటుంది. వేగం ఒక్క వీసం కూడా తగ్గకుండా!

అతను ఖర్చుపెట్టినది ఒకే ఒక సెకను. బ్రేకు మీద ఖర్చుపెడితే ఆవిడ ఇంటికి పోతుంది. హారన్ మీద ఖర్చుపెడితే ఆవిడ బ్రతుకు ఆవిడ చురుకుదనం మీద ఆధారపడుతుంది. డెబ్భై ఏళ్ళ మనిషి చురుకుదనం మీద! పైగా ఉలిక్కిపడ్డ మనిషి ఎటు పోతాడో అతనికే తెలియదు. ముందుకు పోయేవాడు వెనక్కి మళ్ళుతాడు, కొందరు ఉన్నచోటనే కొయ్యబారిపోతారు.

అలాగని హారన్ చెడ్డ వస్తువు అనకండి. శ్రీశైలం పోయే ఘాట్ రోడ్డులో, అరకు పోయే ఘాట్ రోడ్డులో గట్టి మలుపులు వున్నవి. అవతలినుంచి బస్సు వస్తున్నదో లేదో కొండ చాటున తెలియదు. అక్కడ డ్రైవరు నిదానించి, తన పక్కన తాను వుండి, ఒకసారి హారన్ మోగిస్తాడు. "నేను ఇక్కడ వున్నాను" అని దాని అర్థం. ఊళ్ళో మోగించే హారన్‌కు అర్థం వేరు: "నువ్వు అక్కడ వుండకు!"

లారీల వెనక "హారన్ ఓకే ప్లీజ్" అనీ, "సౌండ్ హారన్" అనీ రాసి వుండటం మీరు చూసే వుంటారు. ఇరుకు రోడ్ల మీద పెద్ద లారీని దాటిపోయేవాడు ముందుగా తెలియజెయ్యటం మంచిదే. కాని ఆ రాత చూసి, దాటినా దాటకపోయినా కొడుతూ వుండటం అలవాటైపోయింది. 2015లో మహారాష్ట్ర ప్రభుత్వం "హారన్ ఓకే ప్లీజ్" అని రాయరాదన్నది కూడాను.

"నాన్నా! పులి" కథ మీ అందరికీ తెలుసు. ఊరికే అరిచి అరిచి, నిజంగా పులి వచ్చిననాడు ఎవరూ రాకుండా చేసుకున్నాడు ఆ గొల్లపిల్లవాడు. మన రోడ్ల మీద ప్రతివాడూ క్షణక్షణమూ "పులి! పులి!" అంటున్నాడు. ఆ సందడిలో నిజంగా పులి నోట పడ్డ మనిషిని మోసుకుపోతున్న 108 బండి కూత ఎవరికి వినపడుతుంది? వినపడినా ఎవరు లెక్కచేస్తారు? కథలో పిల్లవాడి అబద్ధానికి పిల్లవాడే నష్టపోయాడు. ఇక్కడ కూతలు వేసేవారు ఒకరు, నష్టపోయేవారు మరొకరు.

సిగ్నలు దగ్గర కొట్టే హారన్‌కు మటుకు ఏ శాస్త్రమూ చాలదు! ఎర్రదీపం వెలుగుతూ వుంటుంది. ముందున్నవాడు ఎక్కడికి పోగలడు? అయినా కొడతారు. 2020లో ముంబయి పోలీసులు దీనికి ఒక తమాషా ఉపాయం పన్నారు. కొన్ని కూడళ్ళలో సిగ్నలు స్తంభాలకు శబ్దాన్ని కొలిచే యంత్రాలు తగిలించారు. హారన్ల మోత 85 డెసిబెల్స్ దాటిందా, ఎర్రదీపం మళ్ళీ మొదటినుంచి లెక్క మొదలుపెడుతుంది. ఎంత కొడితే అంతసేపు నిలబడాలి! బడిలో గోల చేసే తరగతికి నేను కూడా ఇంచుమించు ఇటువంటి శిక్షే వేసేవాణ్ణి. గోల ఆగినదాకా ఇంటిగంట లేదని.

ఏ యంత్రమూ తగిలించకుండానే నోరు మూసుకున్న ఊరు కూడా మన దేశంలో వున్నది. అది మిజోరం రాజధాని ఐజాల్. కొండల మీద కట్టిన ఊరు. రోడ్లు మన రోడ్లకన్నా వెడల్పేమీ కావు, బండ్లు తక్కువేమీ కావు. అక్కడ కార్లు ఒక వరస, మోటారు సైకిళ్ళు ఒక వరస కట్టి, ముందుకు కదిలినదాకా నిశ్శబ్దంగా నిలబడతాయి. పక్క వరస ఖాళీగా వున్నది గదా అని ఎదురు బండ్ల దారిలోకి దూరరు. ఆ సంగతిలో ఆ ఊరికి దేశమంతటా పేరు.

చట్టం లేక కాదు మనకీ అవస్థ. ఆస్పత్రికీ, బడికీ, న్యాయస్థానానికీ చుట్టూ కనీసం 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ఏర్పరచవచ్చునని 2000 సంవత్సరపు నిబంధనలలో వున్నది. పలు స్వరాలు పలికే హారన్లు బండికి తగిలించరాదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అవసరం లేకుండా హారన్ కొడితే మొదటిసారి 1,000 రూపాయలు, ఆ తరవాత 2,000 రూపాయలు జరిమానా. అదే చట్టంలో ఇంకొక సంగతి తండ్రులు చదువుకోవాలి. మైనరు పిల్లవాడు బండి నడిపి నేరం చేస్తే, తనకు తెలియదనో, ఆపటానికి ప్రయత్నించాననో రుజువు చేసుకోలేకపోతే, పిల్లవాడి సంరక్షకుడికీ, బండి యజమానికీ 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళదాకా జైలు కూడా పడవచ్చు. పెరుగు ఒలకబోయించిన మన కుర్రవాడి నాన్నగారికి నేను ఈ సంగతి ఆ సాయంకాలమే చెప్పి వచ్చాను. ఆయనకు కోపం వచ్చింది. రానివ్వండి.

పెద్దలతో మరొక్క మాట. మీరు రెండేళ్ళ బిడ్డను స్కూటరు మీద ముందు నిలబెట్టుకుంటారు. హెల్మెట్టు మీకు వుంటే వుంటుంది, బిడ్డకు వుండదు. సందు చివరికి రాగానే "కొట్టు నాన్నా, పాం పాం కొట్టు!" అంటారు. బిడ్డ తన చిట్టి వేలితో నొక్కుతాడు. ఎదుటివాళ్ళు తప్పుకుంటారు. బిడ్డ కిలకిలా నవ్వుతాడు, మీరూ మురిసిపోతారు. అక్షరాభ్యాసం ఇంకా కాలేదు, హారనాభ్యాసం అయిపోయింది! తాను నొక్కితే లోకం తప్పుకుంటుందని వాడు ఆనాడే నేర్చుకున్నాడు. పదిహేనేళ్ళకు ఆ బండి తాళంచెవి వాడి చేతికి వస్తుంది. బ్రేకు ఎక్కడ వున్నదో వాడికి ఎవరైనా అంత ముద్దుగా చూపించారా?

సరే, పిల్లలూ! ఈ నెల మీ పని చెబుతాను. ఒక ఆదివారంనాడు అమ్మనో నాన్ననో తోడు తీసుకుని, మీ ఇంటి గేటు లోపలో, డాబా మీదనో నిలబడండి. రోడ్డు మీదికి పోవద్దు. గడియారం చూసుకుని పావుగంట లెక్కపెట్టండి. కాగితం మీద రెండు గళ్ళు గీయండి. మొదటి గడిలో హారన్ కొట్టిన బండ్లన్నిటికీ ఒక్కొక్క గీత పెట్టండి. హారన్ కొట్టిన బండి మిమ్మల్ని దాటిపోతున్నప్పుడు దాని వెనకవైపు చూడండి. బ్రేకు వేస్తే ఎర్రదీపం బాగా వెలుగుతుంది. వెలిగితే రెండో గడిలో కూడా ఒక గీత పెట్టండి. సైకిళ్ళకు ఆ దీపం వుండదు గనక వాటిని లెక్కలోకి తీసుకోవద్దు.

లెక్కతో పాటు వీధీ, వేళా రాసి పంపండి. బండ్ల నంబర్లు నాకు అక్కర్లేదు. మీ నాన్నగారి బండి కూడా ఆ సమయానికి ఆ దారినే వస్తే, దాన్ని వదిలిపెట్టకుండా గీత పెట్టండి సుమా!